ఇన్నేళ్లు తాగాక సిగరెట్ మానకూడదన్న వాదనలో తప్పెక్కడుంది?

కొంతకాలంగా చేతులు మారుతూ తిరుగుతున్న ఒక సందేశం సారాంశం ఇది: "ఇరవై ముప్పై ఏళ్లు పొగతాగినవారి శరీరం దానికి అలవాటుపడిపోతుంది. అలాంటివారు ఒక్కసారిగా మానేస్తే గుండెపోటో క్యాన్సరో వస్తుంది. మానేసిన ఆరు నెలలకే పోయినవారిని మనమంతా చూశాం. పాడవ్వాల్సిన ఊపిరితిత్తులు ఎలాగూ పాడయ్యాయి కాబట్టి, రోజుకు రెండో మూడో లైట్ సిగరెట్లకు తగ్గించుకుని ప్రశాంతంగా ఉండటమే మేలు. పూర్తిగా మానితే ఒత్తిడీ పెరుగుతుంది, ఒళ్లూ పెరుగుతుంది." దీన్ని నాకు పంపినవారిలో ఇద్దరు జన్మలో పొగ ముట్టనివారు. వారు దురుద్దేశంతో పంపారని నేను అనుకోను. ఇందులో చాలామంది కళ్లారా చూసిన సంగతి ఒకటి ఉండటం వల్లే మిగతాదంతా నమ్మబుద్ధేస్తుంది. అందుకే ముందుగా దాని సంగతే చూద్దాం.

మానేసిన కొద్ది నెలలకే జబ్బు బయటపడి కన్నుమూసినవారు ఉన్నారన్నది నిజమే. అయితే వారు అసలు ఎందుకు మానేశారన్న ప్రశ్నను ఈ సందేశం వేయదు. దశాబ్దాల పాటు ఇంట్లోవాళ్లు ఎంత మొత్తుకున్నా వినని మనిషి ఒకరోజు ఉన్నట్టుండి పెట్టెను పక్కన పడేశాడంటే, చాలాసార్లు దాని వెనుక పైకి చెప్పని కారణం ఒకటి ఉంటుంది. అంతకుముందు లేని ఆయాసం మెట్లెక్కుతుంటే రావడమో, వారాలు గడిచినా దగ్గు తగ్గకపోవడమో, కళ్లెలో రక్తపు చార కనిపించడమో, తిండి మామూలుగానే ఉన్నా ఒళ్లు తగ్గిపోవడమో అతన్ని భయపెట్టి ఉంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ నెలల్లో పుట్టి పెరిగేది కాదు. కణాల్లో మార్పులు మొదలై, అవి పరీక్షల్లో కనిపించేంత గడ్డగా మారడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, మానేసిన నాలుగు నెలలకు బయటపడిన గడ్డ ఆ నాలుగు నెలల్లో తయారైనది అయ్యే అవకాశం లేదు. జబ్బు మొదలైంది కాబట్టి అతను మానేశాడు. అంతే తప్ప, మానేశాడు కాబట్టి జబ్బు మొదలైందని కాదు. సందేశం రాసినవారు ఈ రెండింటి వరుసను తారుమారు చేశారు. పరిశోధకులకు ఈ చిక్కు పాతదే. కొత్తగా మానేసినవారిలో జబ్బుపడి మానేసినవారు ఎక్కువగా కలిసి ఉంటారు గనుక, అప్పటికే జబ్బు ఉన్నవారిని లెక్క నుంచి తీసేయడమో, మొదటి కొన్నేళ్ల మరణాలను విడిగా చూడటమో వారు చేస్తూ ఉంటారు.

ఆ జాగ్రత్తలతో, ఏళ్ల తరబడి చూస్తే ఏం తేలుతుందో చెప్పడానికి ఒక్క అధ్యయనం చాలు. రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే పరిశోధకులు 1951లో బ్రిటన్‌లోని వైద్యులను వారి పొగతాగే అలవాటు గురించి అడిగి, వారిలో 34,439 మంది పురుష వైద్యులను ఆ తర్వాత గమనిస్తూ వచ్చారు. యాభై ఏళ్ల ఫలితాలు 2004లో వెలువడ్డాయి. చివరిదాకా పొగతాగినవారు, ఎన్నడూ తాగనివారికన్నా సగటున పదేళ్లు ముందే చనిపోయారు. 30 ఏళ్ల వయసులో మానేసినవారు ఆ పదేళ్లలో దాదాపు అన్నింటినీ దక్కించుకోగా, 40లో మానేసినవారికి సుమారు తొమ్మిదేళ్లు, 50లో మానేసినవారికి ఆరేళ్లు, 60లో మానేసినవారికి మూడేళ్లు కలిసొచ్చాయి. అరవయ్యో ఏట మానేసిన వైద్యుడంటే అప్పటికి నాలుగు దశాబ్దాలు తాగి ఉండవచ్చు. ఇక మానకూడదని సందేశం హెచ్చరిస్తున్నది సరిగ్గా ఇలాంటి మనిషినే.

ఒక్కసారిగా మానితే గుండెపోటు వస్తుందన్న మాటకు గుండె పనితీరులో ఆధారమేమీ లేదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుని, ప్రాణవాయువుకు చోటు లేకుండా చేస్తుంది. నికోటిన్ గుండె వేగాన్ని పెంచి, రక్తనాళాలను బిగిస్తుంది. రక్తం గడ్డకట్టే స్వభావం కూడా పొగ వల్ల పెరుగుతుంది. మానేసిన ఒకటి రెండు రోజుల్లోనే కార్బన్ మోనాక్సైడ్ రక్తం నుంచి దాదాపు తొలగిపోతుంది. మానడమే గుండెకు దెబ్బ అయితే, అప్పటికే గుండెజబ్బు ఉన్నవారిలో అది మరింత స్పష్టంగా కనబడాలి కదా? 2003లో వెలువడిన ఒక సమీక్ష 20 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కనబడింది ఇందుకు పూర్తిగా విరుద్ధం. గుండెజబ్బు వచ్చాక పొగ మానేసినవారిలో మరణాల ముప్పు, మాననివారితో పోలిస్తే మూడో వంతుకు పైగా తగ్గింది.

ఈ భయం మద్యం నుంచి అరువు తెచ్చుకున్నది అయి ఉండవచ్చని నా అనుమానం. ఏళ్ల తరబడి విపరీతంగా మద్యం తాగినవారు వైద్య పర్యవేక్షణ లేకుండా ఒక్కసారిగా ఆపేస్తే మూర్ఛ, మతిభ్రమణం వంటివి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. నికోటిన్ విషయంలో అలాంటిది లేదు. చిరాకు, నిద్రలేమి, ఏకాగ్రత కుదరకపోవడం, ఆకలి పెరగడం వంటి బాధలు మొదటి రెండు మూడు రోజుల్లో తీవ్రంగా ఉండి, చాలామందిలో రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. అవి చిన్న బాధలని నేను అనను గానీ, ప్రాణాంతకాలు మాత్రం కావు. ఇక క్రమంగా తగ్గించాలా, ఒక్కరోజుతో ఆపాలా అన్న విషయంపై దాదాపు 700 మందితో జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. నాలుగు వారాల తర్వాత కూడా పొగకు దూరంగా ఉన్నవారు, ఒక్కరోజుతో ఆపినవారిలో 49 శాతం, రెండు వారాల పాటు తగ్గిస్తూ ఆపినవారిలో 39 శాతం. రెండు జట్లకూ నికోటిన్ పట్టీల వంటి సాయం అందింది. తగ్గిస్తూ మానినవారూ ఉన్నారు కాబట్టి ఆ దారి తప్పని కాదు. ఒక్కసారిగా ఆపడం ప్రమాదమన్న మాట తప్పు.

ఊపిరితిత్తులు ఎలాగూ పాడయ్యాయన్నది సగం నిజం. నశించిన గాలిగదులు మళ్లీ మొలవవు. కానీ ఊపిరితిత్తుల శక్తి వయసుతో పాటు అందరిలోనూ నెమ్మదిగా తగ్గుతూ ఉంటుంది. పొగకు తేలిగ్గా దెబ్బతినేవారిలో ఆ తగ్గుదల చాలా వేగంగా సాగుతుంది. మానేసినప్పుడు పోయిన శక్తి తిరిగిరాకపోయినా, తగ్గే వేగం పొగతాగనివారి స్థాయికి దగ్గరవుతుందని ఫ్లెచర్, పీటో అనే పరిశోధకులు 1977లోనే చూపించారు. చిల్లు కుండలోంచి కారిపోయిన నీళ్లు ఎలాగూ రావని, మిగిలిన నీళ్లనూ కారనివ్వమనడం ఏం తర్కం? మానేసిన పదేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు, మానకుండా తాగుతున్నవారితో పోలిస్తే సుమారు సగానికి దిగుతుంది. మానేసిన కొత్తలో కొందరికి దగ్గు ఎక్కువై, "చూశారా, మానడం పడలేదు" అనిపిస్తుంది. శ్వాసనాళాల్లో పొగ వల్ల చచ్చుబడిన సన్నని నూగు మళ్లీ పనిలోకి దిగి కళ్లెను పైకి తోయడం దీనికి ఒక కారణం. అయితే వారాల తరబడి తగ్గని దగ్గునూ, రక్తం పడే దగ్గునూ ఈ ఖాతాలో వేసి ఊరుకోకూడదు.

రోజుకు రెండో మూడో అయితే ఫరవాలేదన్నది వినడానికి ఇంగితజ్ఞానంలాగే ఉంటుంది. ఇరవైలో రెండంటే పదో వంతు కాబట్టి ముప్పు కూడా పదో వంతే అవుతుందని మనం అనుకుంటాం. గుండె ఈ కూడికలు తీసివేతలను పాటించదు. 2018లో వచ్చిన ఒక విస్తృత సమీక్ష ప్రకారం, రోజుకు ఇరవై సిగరెట్ల వల్ల గుండెజబ్బుకు పెరిగే అదనపు ముప్పులో దాదాపు సగం రోజుకు ఒక్క సిగరెట్‌తోనే వచ్చేస్తుంది. లైట్ సిగరెట్ల సంగతి ఇంకా విచిత్రం. వాటి ఫిల్టర్ చుట్టూ కంటికి సరిగా ఆనని సన్నని రంధ్రాలుంటాయి. పరీక్షించే యంత్రం పీల్చినప్పుడు వాటిలోంచి గాలి చొరబడి పొగను పలుచన చేయడంతో తారు తక్కువగా నమోదవుతుంది. మనిషి తాగేటప్పుడు ఆ రంధ్రాలను వేళ్లతోనో పెదవులతోనో తెలియకుండానే మూసేస్తాడు, నికోటిన్ చాలకపోతే మరింత గట్టిగా పీలుస్తాడు. జనాన్ని తప్పుదోవ పట్టించే ఇలాంటి పేర్లను పెట్టెల మీద రానివ్వకూడదని 2003 నాటి అంతర్జాతీయ పొగాకు నియంత్రణ ఒప్పందం చెబుతున్నది కూడా అందుకే.

ఒత్తిడి మాటకొస్తే, పీల్చిన క్షణాల్లో మెదడుకు చేరే నికోటిన్ సుమారు రెండు గంటల్లో రక్తంలో సగానికి పడిపోతుంది. ఆ పడిపోవడమే అశాంతిగా తెలుస్తుంది, తర్వాతి సిగరెట్ ఆ అశాంతిని తీరుస్తుంది. అప్పులోకి దింపినవాడే వడ్డీకి సర్దుబాటు చేసి, ఆదుకున్నానని చెప్పుకోవడం లాంటిది ఇది. మానేసి కొన్ని వారాలు దాటినవారిలో ఆందోళన, కుంగుబాటు, ఒత్తిడి, మానకుండా తాగుతున్నవారికన్నా తగ్గినట్టు 26 అధ్యయనాలను కలిపి చూసిన 2014 నాటి సమీక్ష తేల్చింది. ఒళ్లు పెరగడం మాత్రం నిజమే. మొదటి ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారు. మానడం వల్ల ఆయుష్షుకు కలిగే మేలును ఆ బరువు చెరిపేయదు.

నిజంగా జాగ్రత్త పడవలసిన సంగతి ఒకటి ఉంది, విచిత్రంగా సందేశంలో లేనిది అదే. పొగలోని తారు పదార్థాలు కాలేయంలోని ఒక ఎంజైమును ఉత్తేజపరచడంతో కొన్ని మందులు శరీరంలోంచి త్వరగా వెళ్లిపోతాయి. ఉబ్బసానికి వాడే థియోఫిలిన్, మానసిక వ్యాధులకు వాడే క్లోజపిన్, ఓలాంజపిన్ అలాంటివి. పొగ మానగానే ఆ వేగం తగ్గి, పాత మోతాదే ఎక్కువైపోతుంది. కాబట్టి వీటిని వాడేవారు మానబోయే ముందే వైద్యుడికి చెప్పి మోతాదు సరిచేయించుకోవాలి. కాఫీలోని కెఫీన్‌కూ ఇదే వర్తిస్తుంది. ఎప్పటిలా తాగే నాలుగు కప్పులే మానేసిన వారంలో ఎక్కువ కప్పుల పెట్టు పనిచేసి, చేతులు వణికించి, నిద్రను పోగొట్టవచ్చు. ఆ వణుకును సిగరెట్ లేకపోవడం వల్ల వచ్చినదనుకుని మళ్లీ వెలిగించే బదులు, ముందు కాఫీని సగానికి తగ్గించి నాలుగు రోజులు చూడవచ్చు.