డాక్టరు లేని జిల్లాలో సిజేరియన్ ఎవరు చేయాలి?

ఆఫ్రికాలోని మొజాంబిక్ జిల్లా ఆసుపత్రులలో సిజేరియన్లు చేసే ‘టెక్నికో’ల (వైద్య పట్టా లేకపోయినా శస్త్రచికిత్సలో శిక్షణ పొందిన సిబ్బంది) విషయమై ఒక ప్రసూతి వైద్యునికీ, నర్సులకు పాఠాలు చెప్పే ఒక సిస్టర్‌కూ మధ్య జరిగిన వాదం ఇది.

డాక్టరు: వైద్య పట్టా లేనివారి చేత కడుపు కోయించడాన్ని మీరు మేలు అంటున్నారు, సిస్టర్. పేదవారికి ఇది చాలులే అన్న ధోరణి నాకు అందులో కనిపిస్తోంది.

సిస్టర్: ఆ పేదవారికి అంతకుముందు ఏముండేదో చూడండి, డాక్టరు గారూ. 1975లో పోర్చుగల్ నుండి స్వాతంత్ర్యం రాగానే పోర్చుగీసు వైద్యులలో అత్యధికులు వెళ్ళిపోయారు. 1977లో మొదలైన అంతర్యుద్ధం 1992 దాకా సాగింది. యుద్ధం మధ్యలోనే, 1984లో, అనుభవం ఉన్న వైద్య సిబ్బందిని ఎంచి, రెండేళ్ళు రాజధాని మపూటో కేంద్ర ఆసుపత్రిలో, మరో ఏడాది ప్రాంతీయ ఆసుపత్రిలో శస్త్రచికిత్స నేర్పడం మొదలుపెట్టారు. 2002 నాటికి జిల్లా ఆసుపత్రులలో జరిగే పెద్ద ప్రసూతి ఆపరేషన్లలో 92 శాతం వారి చేతి మీదుగానే జరిగాయి. బిడ్డ అడ్డం తిరిగి, చెయ్యి బయటికి వచ్చి, రెండు రోజులుగా నొప్పులు పడుతున్న తల్లిని వానాకాలపు బురదదారిలో ఇంకో పట్నానికి పంపితే, ఆమె గర్భసంచి దారిలోనే చిరుగుతుంది.

డాక్టరు: ఎన్ని చేశారని కాదు, ఎలా చేశారని అడుగుతున్నాను.

సిస్టర్: 2,071 సిజేరియన్లను పోల్చి చూశారు. తల్లీబిడ్డల విషయంలో నిపుణులకూ టెక్నికోలకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. రక్తం గూడుకట్టి పైకుట్లు విడిపోవడం మాత్రం టెక్నికోల చేతిలో కొంత ఎక్కువ.

డాక్టరు: ఆ పోలిక మపూటో పెద్దాసుపత్రిలో జరిగింది. పిలిస్తే పలికే నిపుణుడూ, రక్తమూ అక్కడ ఉన్నాయి. జిల్లాలో ఒంటరిగా ఉన్నవాడికి అవేవి? పైగా ఒకసారి కోసిన గర్భసంచి మలికాన్పులో చిరగవచ్చు, మాయ ఆ మచ్చకే అతుక్కుపోవచ్చు. అనవసరంగా పెట్టిన ప్రతి కోతా ఆ తల్లి మెడకు వేలాడే ప్రమాదమే.

సిస్టర్: అది నిజం, కాదనను. కోయడంతో పాటు ఎప్పుడు కోయకూడదో కూడా నేర్పాలి.

డాక్టరు: ఊళ్ళో వారిని ‘డాక్టర్’ అనే పిలుస్తారట. ఆ పిలుపు వింటూ వింటూ తన హద్దు మరిచిపోని మనిషి ఎంతమంది?

సిస్టర్: హద్దు మరవడం పట్టా ఉన్నవారిలో లేదా? ముప్పై ఏళ్ళుగా వింటున్నాను, నర్సు చేతికి ఏది ఇచ్చినా మీకు అనుమానమే.

డాక్టరు: ఆ మాట అన్యాయం. అర్ధరాత్రి మీరు కబురు పెడితే నేను రాని రోజుందా?

సిస్టర్: లేదు. మీరు వచ్చారు, ఎందుకంటే రాగలిగినంత దూరంలో ఉన్నారు. మొజాంబిక్‌లో చదువు ముగిసిన ఏడేళ్ళ తర్వాత లెక్క తీస్తే, జిల్లా ఆసుపత్రులకు వేసిన వైద్యులలో ఒక్కరూ అక్కడ మిగలలేదు. టెక్నికోలలో 88 శాతం మంది అక్కడే ఉన్నారు. ఆ తల్లికి ఎదురుగా ఉన్న చేతులు అవే.

డాక్టరు: సరే, ఉండనివ్వండి. అయితే వారి పక్కన రక్తం నిలవచేసే ఫ్రిజ్ ఉండాలి, మత్తు ఇవ్వడం తెలిసిన మరో మనిషి ఉండాలి, నిపుణుడు అప్పుడప్పుడు వచ్చి వారి ఆపరేషన్లను దగ్గరుండి చూడాలి. ఇవి లేకుండా పంపితే నేను ఒప్పుకోను.

సిస్టర్: వాటిని మీతో పాటు నేనూ అడుగుతాను. అవి వచ్చేదాకా ఆపరేషన్ గది తలుపు మూసి ఉంచమంటే మాత్రం, నేను ఒప్పుకోను.