సహస్ర చంద్ర దర్శనమైన తరువాతే కెమెరా

జాజ్ విద్వాంసుడి మీద సొంత డబ్బుతో డాక్యుమెంటరీ తీయదలచినవారు కెమెరా కొనడానికి ముందు విద్వాంసుడి వయసు విచారించుకోవాలి. ముప్పై ఏళ్ళ ప్రాయంలో, నిండైన ఊపిరితో, అర్ధరాత్రి దాటాక క్లబ్బులో ఇల్లు పీకి పందిరి వేస్తున్నవాడు ఇందుకు బొత్తిగా పనికిరాడు. అతని దగ్గర ఉన్నది సంగీతం మాత్రమే, కథ ఇంకా తయారుకాలేదు. మనవైపు వెయ్యి పున్నములు చూసినవారిని పీటల మీద కూర్చోబెట్టి శాలువా కప్పే ఆచారం ఉన్నది కదా, ఈ కళకూ ముహూర్తం అదే. ఎనభై దాటి, అవయవాలు ఒకటొకటిగా సెలవు తీసుకుంటున్న దశలో విద్వాంసుడు తెరకు పరిపక్వమవుతాడు.

క్లార్క్ టెర్రీ జీవితం ఇందుకు ప్రమాణం. 1920లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పుట్టి, జాజ్ బృందనాయకులలో ఉద్దండులైన కౌంట్ బేసీ, డ్యూక్ ఎలింగ్టన్ ఇద్దరి బృందాలలోనూ ట్రంపెట్ ఊది, తరువాత జాజ్‌లో మహా విద్వాంసుడైన మైల్స్ డేవిస్‌కు కుర్రతనంలో దారి చూపినవాడు ఆయన. ఆయన మీద తీసిన డాక్యుమెంటరీ ‘కీప్ ఆన్ కీపిన్ ఆన్’ 2014లో వెలువడేనాటికి ఆయనకు 93 ఏళ్ళు. మధుమేహం చూపును, కాళ్ళను తీసుకుపోగా, ఆర్కన్సాలోని ఇంట్లో మంచం మీదనుంచే, చూపులేని యువ పియానిస్టు జస్టిన్ కాఫ్లిన్‌కు రాత్రి తెల్లవార్లూ పాఠం చెబుతూ ఆయన మనకు కనిపిస్తాడు. దర్శకుడు అలన్ హిక్స్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన డ్రమ్మరు, ఆయన శిష్యుడు, అంతకుముందు సినిమా తీసి ఎరుగడు. ఈ చివరిదే అసలు యోగ్యతని నా అభిప్రాయం, ఎందుకంటే తీయడం తెలిసినవాడైతే మొదటి నెలలోనే లెక్క వేసుకుని ఇంటికి వెళ్ళిపోయేవాడు. ఏళ్ళ తరబడి చిత్రీకరణ సాగుతుండగా గురువును చూడడానికి వచ్చిన క్విన్సీ జోన్స్, కుర్రతనంలో టెర్రీ దగ్గర పాఠం నేర్చుకుని తరువాత పేరుమోసిన సంగీత నిర్మాత అయినవాడు, ఈ చిత్రానికి నిర్మాతగా చేరాడు. కనుక విద్వాంసులు వయసులో ఉన్నప్పుడే ముందుచూపుతో, పెద్దయ్యాక శ్రీమంతుడు కాగల కుర్రవాడిని ఒకణ్ణి చూసి పాఠం చెప్పి ఉంచుకోవడం క్షేమం.

తీసిన ఫుటేజిని వెంటనే వాడేయడం తొందరపాటు, అది ఆవకాయలాగా ఊరాలి. జాజ్ పియానిస్టు థెలోనియస్ మంక్‌ను 1967, 68లలో చిత్రించిన రీళ్ళు ఇరవై ఏళ్ళు జాడీలో ఉండి, 1988లో పూర్తి చిత్రంగా బయటికి వచ్చాయి. ఈలోగా 1982లో మంక్ కన్నుమూశాడు. ట్రంపెట్ విద్వాంసుడు చెట్ బేకర్ మీద తీసిన చిత్రం వెనిస్ ఉత్సవానికి చేరిన ఏడాదే, 1988 మేలో, ఆయన ఆమ్‌స్టర్‌డామ్‌లో హోటలు కిటికీలోంచి పడి చనిపోయాడు. ఇలా సమయం కలిసిరావడం మానవ ప్రయత్నంతో సాధ్యపడేది కాదు గనుక దీన్ని నిబంధనల్లో చేర్చడం లేదు.

అన్నిటికన్నా రమణీయమైన అధ్యాయం హక్కులది. విద్వాంసుడు యాభై ఏళ్ళ క్రితం వాయించిన పాట రెండు నిమిషాలు వినిపించాలంటే రెండు గుమ్మాలు ఎక్కాలి: స్వరరచన హక్కు ఒకరిది, ఆ రికార్డింగు హక్కు మరొకరిది. ఈ ఇద్దరిలో, మన ఎదురుగా మంచం మీద పడుకుని, ఆ ఊపిరి నాదే నాయనా అంటున్న పెద్దాయన ఉండకపోవడమే తరచుగా జరిగేది. ఉత్సవాలలో చూపడానికి ఒక ధర, థియేటరుకు ఇంకో ధర, టెలివిజనుకు వేరొకటి. ఆ రాత్రి స్టూడియోలో ఆయన చేతికిచ్చిన కూలి ఎంతో అడిగి, ఇప్పటి ధర పక్కన రాసి చూసిన దర్శకుడు ఆ రోజు ఎడిటింగు చేయలేడు. అందుకే చాలా డాక్యుమెంటరీలలో పాట ఎత్తుకోగానే ఎవరో ఒక పెద్దమనిషి కుర్చీలో ప్రత్యక్షమై ‘అబ్బ, ఏమి వాయించేవాడండీ!’ అంటాడు. ప్రేక్షకులు దాన్ని శిల్పమనుకుంటారు, పాపం, అది పొదుపు.

డబ్బు ఎక్కడినుంచి వస్తుందని అడిగేవారికి టెర్రీ బాల్యంలోనే పాఠం ఉన్నది. ట్రంపెట్ కొనే స్తోమత లేక ఆ పిల్లవాడు తోటకు నీళ్ళు పట్టే రబ్బరు గొట్టానికి కిరోసిన్ గరాటా తగిలించి, సీసపు గొట్టం ముక్క నోటికి అమర్చుకుని ఊదడం మొదలుపెట్టాడు. ఇరుగుపొరుగువారు చందాలు వేసుకుని, తాకట్టు దుకాణంలో 12.50 డాలర్లకు అసలు ట్రంపెట్ కొనిచ్చారు. ఆ వీధివారు ప్రతిపాదన పత్రం అడగలేదు, ట్రైలరు చూపమనలేదు, పిల్లవాడికి ఎనభై ఏళ్ళు వచ్చేదాకా ఆగుదామనీ అనుకోలేదు. ఆ గొట్టం మోత భరించలేకపోయారు, అంతే.