పుష్ అంటే భయం, ప్రైవేట్ అంటే ధీమా

పదకొండు రోజుల పని ఒక్క సాయంత్రంలో పోగొట్టుకున్నాను. కోడ్‌లో మార్పుల చరిత్రని దాచే గిట్ అనే ప్రోగ్రాంలో రోజూ కమిట్ చేస్తూనే ఉన్నాను, అంటే అప్పటిదాకా చేసిన పనిని ఆ చరిత్రలో నమోదు చేస్తూనే ఉన్నాను, ప్రతి కమిట్‌కీ బుద్ధిగా మెసేజ్ కూడా రాశాను. లాప్‌టాప్ డిస్క్ పోయినప్పుడు ఆ కమిట్లన్నీ దానితోపాటే పోయాయి. ఇంటర్నెట్‌లో ఉన్న నా ప్రైవేట్ రిపో (నేను అనుమతించిన వాళ్లకే కనిపించే కోడ్ నిల్వ) తెరిచి చూస్తే మొదటి రోజు పెట్టిన రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయం) ఫైల్ ఒక్కటే ఉంది. ఆ కమిట్లని ఇన్నాళ్లూ రిపోకి ఎందుకు పంపలేదంటే, అంటే పుష్ చేయలేదంటే, చెప్పుకోవడానికి సిగ్గేసే జవాబు ఒకటి ఉంది: కోడ్ ఇంకా ఒకరికి చూపించేలా లేదు. చూసేదెవరు? ఆ రిపోలో నేను తప్ప ఇంకో మనిషి లేరు.

తర్వాత గమనిస్తే ఇది నా ఒక్క జబ్బు కాదని తెలిసింది. సగం రాసిన ఫంక్షన్ పుష్ చేయడానికి వెనకాడే మనిషే, అదే రిపోలో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైల్‌ని ఏ సంకోచమూ లేకుండా పెట్టేస్తాడు. అదేంటని అడిగితే, "ప్రైవేటే కదా" అంటాడు. భయపడనక్కర్లేని చోట భయం, భయపడాల్సిన చోట ధీమా. ప్రైవేట్ రిపోల విషయంలో మనవాళ్లు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే పుడుతున్నాయని నా అభిప్రాయం.

ఈ భయానికి కొంత కారణం గిట్ పుట్టుకలోనే ఉంది. అంతకుముందు ఇదే పనికి వాడిన సీవీఎస్, సబ్‌వర్షన్ లాంటి ప్రోగ్రాంలలో కమిట్ అంటేనే సర్వర్‌కి పంపడం. పంపకపోతే కమిట్ అయినట్టే కాదు. 2005లో లినక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) బృందానికి బిట్‌కీపర్ అనే అలాంటి ప్రోగ్రాంని ఉచితంగా వాడుకునే వీలు పోవడంతో, లినక్స్‌ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాశాడు. అందులో ప్రతి ఒక్కరి దగ్గరా చరిత్ర మొత్తం ఉంటుంది. నెట్ లేకపోయినా కమిట్ చేసుకోవచ్చు. గొప్ప వెసులుబాటే, కాదనను. కానీ ఒకప్పుడు ఒకటే అయిన పని ఇప్పుడు రెండైంది. దాచుకున్నామన్న తృప్తి కమిట్ దగ్గరే వచ్చేస్తుంది, నిజంగా దాచడం జరిగేది మాత్రం పుష్ దగ్గర. ఈ రెంటి మధ్య ఉన్న సందులోనే నా పదకొండు రోజులు పడిపోయాయి. గిట్ నాకు చెప్పలేదని అనడానికీ లేదు. స్టేటస్ కొట్టిన ప్రతిసారీ "మీ బ్రాంచ్ ఆరిజిన్ కంటే ఇన్ని కమిట్లు ముందుంది" అని చెబుతూనే ఉంది. బ్రాంచ్ అంటే పని సాగుతున్న ఒక పాయ, ఆరిజిన్ అంటే అవతలి రిపో. నేనేమో ముందున్నానంటే మంచిదే అనుకున్నాను.

పుష్ కొట్టాక జరిగేది చూస్తే భయపడటానికి అందులో ఏమీ లేదు. అవతలి రిపో ముందుగా తన బ్రాంచ్‌లు ఏ కమిట్ దగ్గర ఉన్నాయో చెబుతుంది. మన గిట్ ఆ జాబితాని తన చరిత్రతో పోల్చి, అక్కడ లేనివి మాత్రమే మూటగట్టి పంపుతుంది. అన్నీ చేరాక అవతల బ్రాంచ్ పేరు కొత్త కమిట్ మీదికి జరుగుతుంది. అంతే. అందుకే వేల ఫైళ్ల ప్రాజెక్టులో రెండు లైన్లు మార్చి పుష్ చేస్తే క్షణాల్లో అయిపోతుంది.

ఏం వెళ్లదో తెలుసుకోవడం ఇంకా ముఖ్యం. మామూలుగా పుష్ అంటే ఇప్పుడు మనమున్న బ్రాంచ్ ఒక్కటే వెళుతుంది. పక్క బ్రాంచ్‌లో మొన్న చేసిన ప్రయోగం వెళ్లదు. ట్యాగులు, అంటే కమిట్లకి తగిలించిన పేర్లు, విడిగా చెబితేనే వెళతాయి. స్టాష్‌లో, అంటే కమిట్ చేయకుండా పక్కన దాచే అరలో, పెట్టినవి మన మెషీన్ దాటి పోవు. "పుష్ చేశాను కాబట్టి అంతా అక్కడుంది" అనుకుని పాత లాప్‌టాప్ ఫార్మాట్ చేసేసిన వాళ్లను చూశాను. అనుమానం తీరాలంటే ఇంకో ఫోల్డర్‌లోకి కొత్తగా క్లోన్ చేసి (రిపో మొత్తం కాపీ తెచ్చుకుని) చూసుకోవడం కంటే సులువైన దారి లేదు.

ఇక ఎర్ర అక్షరాల సంగతి. మొదటిసారి పుష్ చేసే వాళ్లలో చాలామందికి "రిజెక్టెడ్, ఫెచ్ ఫస్ట్" (తిరస్కరించాం, ముందు అక్కడున్నది తెచ్చుకో) అన్న లైన్ కనబడుతుంది. గిట్‌హబ్ లాంటి, రిపోలు ఉంచే సైట్‌లో రిపో తయారుచేసేటప్పుడు రీడ్‌మీ పెట్టమని టిక్ కొట్టి ఉంటారు. అక్కడ ఒక కమిట్ పుట్టింది, ఇక్కడ మన దగ్గర వేరే కమిట్లు ఉన్నాయి, రెంటికీ చుట్టరికం లేదు. అవతల ఉన్నదాన్ని చెరిపేయడం ఇష్టంలేక గిట్ ఆగిపోయింది, అంటే మన మంచికే ఆగింది. ఇక్కడ టెన్షన్ పడి ఎక్కడో చూసిన ఫోర్స్ పుష్ (అవతల ఉన్నదాన్ని తోసేసి బలవంతంగా పంపడం) కొట్టేస్తారు. పోయింది రీడ్‌మీ ఒక్కటే అయితే నష్టం లేదు. అదే అలవాటు టీమ్ రిపోలోకి వస్తే పక్కవాళ్ల కమిట్లు బ్రాంచ్‌లోంచి మాయమవుతాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. తప్పనిసరైతే ఫోర్స్ విత్ లీజ్ అనే పద్ధతి ఉంది. మనం చివరిసారి చూసిన తర్వాత అవతల ఎవరైనా ఏదైనా పెట్టి ఉంటే అది ఆగిపోతుంది.

ప్రైవేట్ రిపోకి మాత్రమే ఉన్న ఇంకో విచిత్రం "రిపోజిటరీ నాట్ ఫౌండ్". రిపో బ్రౌజర్‌లో కళ్లెదుటే ఉంటుంది, టెర్మినల్ మాత్రం లేదంటుంది. గిట్‌హబ్ కావాలనే అలా చెబుతుంది. అనుమతి లేని వాళ్లకి "మీకు అనుమతి లేదు" అని చెప్పినా, ఆ పేరుతో ఒక రిపో ఉందన్న సంగతి బయటపడుతుంది కదా. ఒకే మెషీన్‌లో ఆఫీసు అకౌంట్, సొంత అకౌంట్ రెండూ ఉన్న వాళ్లకి ఇది తరచుగా ఎదురవుతుంది, ఎందుకంటే వేరే అకౌంట్ ఎస్‌ఎస్‌హెచ్ కీ (మనమెవరో సర్వర్‌కి రుజువు చేసే తాళంచెవి ఫైల్) వెళుతుంటుంది. తెలిసిన ఒకాయన ఈ మెసేజ్ చూసి రిపోని మూడుసార్లు డిలీట్ చేసి మళ్లీ తయారుచేశాడు. రిపో పాపం మొదటిసారి కూడా బాగానే ఉంది. పాస్‌వర్డ్ గొడవ దీనికి వేరు. 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ కమాండ్ లైన్‌లో అకౌంట్ పాస్‌వర్డ్ తీసుకోవడం మానేసింది. టోకెనో (పాస్‌వర్డ్‌కి బదులు సైట్ ఇచ్చే రహస్య కోడ్), ఎస్‌ఎస్‌హెచ్ కీయో ఉండాలి.

అసలు ప్రమాదం ధీమా వైపు ఉంది. ఒకప్పుడు గిట్‌హబ్‌లో ప్రైవేట్ రిపో కావాలంటే డబ్బు కట్టాలి. చిన్న బృందాలకు ఉచితంగా ఇచ్చిన బిట్‌బకెట్ అనే ఇంకో సైట్ వైపు చాలామంది వెళ్లింది అందుకే. 2018లో మైక్రోసాఫ్ట్ గిట్‌హబ్‌ని కొన్నాక, 2019 జనవరిలో ముగ్గురు సహచరుల వరకు ప్రైవేట్ రిపోలు ఉచితమయ్యాయి. 2020 ఏప్రిల్‌లో ఆ పరిమితి కూడా పోయింది. డబ్బు కట్టిన రోజుల్లో ఇందులో ఏం దాస్తున్నాం, ఎవరికి చూపిస్తున్నాం అని ఒక్క నిమిషమైనా ఆలోచించేవాళ్లు. ఇప్పుడది పేజీలో ఒక బటన్, దాని పక్కన తాళంకప్ప బొమ్మ. ఆ బొమ్మ చూసి నమ్మేస్తున్నాం.

2016లో ఊబర్‌కి జరిగింది ఇందుకు మంచి ఉదాహరణ. దొంగలు చొరబడింది ప్రైవేట్ రిపోలోకే. ఇంజినీర్లు సొంత అకౌంట్లతో దాన్ని వాడేవాళ్లు, రెండో అంచె తనిఖీ తప్పనిసరి కాదు. వేరే చోట్ల లీకైన పాస్‌వర్డ్‌లే ఇక్కడా పనికొచ్చాయి. లోపల అమెజాన్ క్లౌడ్ తాళంచెవి కోడ్‌లోనే కూర్చుని ఉంది. దానితో 5.7 కోట్ల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలు చేతికొచ్చాయి. 2017 నవంబరు దాకా లోకానికి ఈ విషయం తెలియనే లేదు. రిపో మీద ప్రైవేట్ అన్న ముద్ర మాత్రం ఎక్కడా చెదరలేదు. తాళాలు అమ్మేవాళ్లకీ ఈ తిప్పలు తప్పలేదు. 2023 మార్చిలో గిట్‌హబ్ తన ఆర్‌ఎస్‌ఏ ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీనే (తన సర్వర్ అసలుదేనని రుజువు చేసే తాళంచెవిని) మార్చుకోవాల్సి వచ్చింది, అది కాసేపు ఒక పబ్లిక్ రిపోలో కనబడిందట.

తప్పు తెలిశాక చాలామంది చేసే పని, పాస్‌వర్డ్ ఉన్న లైన్ తీసేసి మళ్లీ కమిట్ చేయడం, పాస్‌వర్డ్‌లు పెట్టుకునే డాట్ ఈఎన్‌వీ ఫైల్ పేరుని గిట్ఇగ్నోర్‌లో (గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితాలో) రాయడం. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టే. పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది, క్లోన్ చేసుకున్న ప్రతివాళ్లకీ చేరుతుంది. పైగా ఒకసారి గిట్ పట్టుకున్న ఫైల్‌ని గిట్ఇగ్నోర్ పట్టించుకోదు. ముందు చేయాల్సింది ఆ కీని రద్దుచేసి కొత్తది తీసుకోవడం. ఫిల్టర్ రిపో అనే పనిముట్టుతో చరిత్ర కడగడం ఆ తర్వాతి మాట. రెండేళ్ల తర్వాత ఎవరో ఉత్సాహంగా ఆ రిపోని పబ్లిక్ చేస్తారు చూడండి, ఆ రోజు మొదటి కమిట్ నుంచీ అంతా వీధిలోకి వస్తుంది.

ప్రైవేట్ రిపో అద్దె ఇల్లు లాంటిది. తాళం వేసుకునేది మనమే, ఇంకో తాళంచెవి ఇంటివాళ్ల దగ్గరా ఉంటుంది. 2019లో అమెరికా ఆంక్షల పేరుతో ఇరాన్, సిరియా, క్రిమియాల్లోని డెవలపర్లకి గిట్‌హబ్ కొన్ని సేవలు ఆపేసింది. పబ్లిక్ రిపోలు నడిచాయి, మూతపడినవి ప్రైవేట్‌వే. 2014లో కోడ్ స్పేసెస్ అనే హోస్టింగ్ సంస్థ క్లౌడ్ అకౌంట్‌లోకి ఎవరో చొరబడి కస్టమర్ల డేటాని, బ్యాకప్‌లని తుడిచేస్తే ఆ వ్యాపారమే మూతపడింది.

అలాగని అందరూ సొంత సర్వర్ పెట్టుకోవాలని నేననను. దాన్ని అప్‌డేట్ చేయడం, కాపాడుకోవడం వేరే ఉద్యోగం. కానీ గిట్‌లో ఒకే రిపోకి రెండు రిమోట్లు (పుష్ చేసే చోట్లు) ఉండొచ్చన్న సంగతి ఎందుకో చాలామందికి తట్టదు. ఎస్‌ఎస్‌హెచ్‌తో చేరగలిగే ఏ మెషీన్‌లోనైనా ఒక బేర్ రిపో (పనిచేసే ఫైళ్లు లేకుండా చరిత్ర మాత్రమే ఉండేది) పెడితే అది రిమోట్ అయిపోతుంది. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఫోల్డరైనా సరిపోతుంది. నేను వారానికోసారి అలా రెండోదానికి పుష్ చేస్తున్నాను.

సగం కోడ్ పుష్ చేస్తే మిగతావాళ్ల పని చెడుతుంది అనే వాదన ఒకటుంది. అందరూ వాడే మెయిన్ బ్రాంచ్‌లోకి చేస్తే చెడుతుంది, నిజమే. సొంత పేరుతో బ్రాంచ్ తీసుకుంటే ఎవరి పనీ చెడదు. తర్వాత మెయిన్‌లో కలిపేటప్పుడు కమిట్లు సర్దుకోవచ్చు.

ఈ వ్యాసం మధ్యలో ఆగి పక్క విండోలో స్టేటస్ కొట్టాను. నాలుగు కమిట్లు ముందున్నాను. మూడు టెస్టులు ఫెయిల్ అవుతున్నాయి, ఒక ఫంక్షన్ పేరు "తాత్కాలికం2" అని ఉంది. డిఫ్‌లో (మారిన లైన్ల జాబితాలో) కీలేమైనా ఉన్నాయేమోనని ఒకసారి చూసి, అలాగే పుష్ చేసేశాను.