సార్, ఒక పాట పాడండి

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇక సమస్యలేవీ మిగల్లేదు. ఆఖరిది 'క్లాస్‌రూమ్ ప్రెజెన్స్', అంటే సారు నిలబడితే క్లాసంతా ఆయన వైపే చూడటం అట. దానికీ మందు దొరికింది: కరావోకే, అంటే గొంతు లేని సంగీతం ట్రాకు పెట్టుకుని, తెరమీద అక్షరాలు చూస్తూ మైకులో పాడటం. ఎఫ్‌డీపీ (అధ్యాపకులకిచ్చే శిక్షణ) అనే పూజావిధానం తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. మొన్న యోగా, నిన్న నవ్వుల క్లబ్బు, ఇవాళ ట్రాకు పెట్టి పాట. మధ్యలో సమోసా, చివర్లో ఈ-సర్టిఫికెట్.

శాస్త్రం కాబట్టి ముందు చరిత్ర. జపనీస్‌లో 'కర' అంటే ఖాళీ, 'ఒకె' అంటే ఆర్కెస్ట్రాకు పొట్టి పేరు. 1971లో కోబె నగరంలో ఇనోవె దైసుకె అనే వాద్యకారుడు ఓ యంత్రం తయారుచేయించి బార్లకు అద్దెకిచ్చాడు. పేటెంటు మాత్రం తీసుకోలేదు. 2004లో ఆయనకు ఇగ్ నోబెల్ (నోబెల్‌కు సరదా అనుకరణ) శాంతి బహుమతి ఇచ్చారు, మనుషులు ఒకరినొకరు భరించే కొత్త దారి చూపినందుకు. భరించడంలో ఎంతో ముందున్న మన లాస్ట్ బెంచీకి ఇప్పటిదాకా ఏ బహుమతీ రాలేదు.

ఇక సెమినార్ హాల్లోకి రండి. దీపప్రజ్వలన అయింది, ఫ్యాన్లు ఆపితే గానీ వత్తి అంటుకోలేదు. శిక్షణ ఇవ్వడానికి వచ్చిన రిసోర్స్ పర్సన్ గారు 'ఎనర్జీ!' అని అరిచి, స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ చెప్పే సారును వేదిక మీదకు లాగారు. ఆయన మైకు తలకాయను గుప్పిట్లో నొక్కి పట్టుకున్నారు, సినిమాల్లో అలాగే పడతారు గనుక. ఆ జాలీ కింద సన్నటి సందులుంటాయి. వెనకనుంచి వచ్చే శబ్దాన్ని మైకు వదిలేసేది వాటి పుణ్యమే. గుప్పిట మూస్తే మైకు నాలుగు దిక్కులా వింటుంది, స్పీకర్‌నూ వింటుంది, తన గొంతు తనకే మళ్లీ వినిపించి కుయ్యోమంటుంది. సారు హడిలిపోయి నాలుగడుగులు ముందుకు వేశారు, సరిగ్గా స్పీకర్ ఎదుటికి. ఇంకో కూత. మైక్‌సెట్ కుర్రాడు కంగారులో వాల్యూమ్ తగ్గించబోయి ఎకో తిప్పాడు. 'బెండింగ్ మూమెంట్' అంటే 'మెంట్... మెంట్... మెంట్' అని వెనక గోడ బదులిచ్చింది. హెచ్ఓడీ చప్పట్లు కొట్టారు. 'చూశారా, ప్రెజెన్స్!' అన్నారు రిసోర్స్ పర్సన్.

నిజానికి ఆ యంత్రం దగ్గర నేర్చుకోవాల్సినవి లేకపోలేదు. మైకు పిడి పట్టుకోవాలి, తలకాయ కాదు. నోటికి రెండు మూడు అంగుళాల దూరం చాలు, గొంతు పెంచేటప్పుడు ఇంకాస్త జరపాలి. పాటకు ఎకో అందమే గానీ పాఠానికి సున్నాలో ఉండాలి, లేకపోతే ఒత్తులన్నీ కరిగి ముద్దవుతాయి. కాలర్ మైకు అయితే గడ్డానికి జానెడు కింద పెట్టుకుని, ముందు మెడలో ఐడీ కార్డు తీసెయ్యాలి. అది ఊగి మైకుకు తగిలినప్పుడల్లా వెనక బెంచీలో ఒకడు లెక్కపెడుతుంటాడు.

అసలు విద్య ఎదురుచూడటం. ట్రాకులో ముందు సంగీతం వస్తుంటే పాడేవాడు పావు నిమిషం నోరు మూసుకుని హాయిగా నిలబడతాడు. మన సారు ప్రశ్న వేసి పూర్తిగా ఒక సెకను ఆగి తనే జవాబు చెప్పేస్తారు. 1970లలో అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు తరగతులు రికార్డు చేసి చూస్తే అక్కడా ఇదే తంతు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి. మూడు సెకన్లకు సమోసాలెందుకో మరి.

రెండోది చూపు. పాట రానివాడు రంగు మారే అక్షరాన్ని వెంబడిస్తాడు, అందుకే ఎప్పుడూ తాళం కంటే వెనకే ఉంటాడు. వచ్చినవాడు తర్వాతి లైను ముందే చూసుకుని జనం వైపు తిరుగుతాడు. పీపీటీకీ ఇదే పద్ధతి: చూడు, తిరుగు, అప్పుడు మాట్లాడు. తెరతో మాట్లాడేవాడికి తెరే అటెండెన్స్ ఇస్తుంది.

ఇంతవరకూ ఐదు నిమిషాల్లో చెప్పొచ్చు. ఐదు రోజులు ఎందుకు పెడతారంటే, అక్రెడిటేషన్ (కాలేజీ నాణ్యతకిచ్చే గుర్తింపు) ఫైల్లో ఫొటోలు కావాలి కాబట్టి. గొంతులో జీవం లేదంటున్నారు కదా, ఎందుకు లేదో ఒక్కరైనా అడిగారా? రూలు ప్రకారం 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు. ఆచరణలో రెండు సెక్షన్లు కలిపి ఒకే హాల్లో కుక్కుతారు, రోజుకు నాలుగు పీరియడ్లు అరిపిస్తారు. అరిచీ అరిచీ స్వరతంత్రుల మీద కాయలు కాస్తే అది ఆయన ఖర్మ. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని నెలల తరబడి జీతం ఆపుతారు. మానేస్తానంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో దాస్తారు. ఎండాకాలం అడ్మిషన్ల టార్గెట్ ఇచ్చి ఊళ్లమీదకు తోలుతారు. స్లైడ్లు ఎవరో చేసినవి, లెసన్ ప్లాన్ ఎవరో రాసింది, సిలబస్ ఎప్పటికవ్వాలో ఇంకెవరో చెబుతారు. సిగ్గులేదా, ఇంత చేసి ఆ మనిషిని వేదిక మీద నిలబెట్టి ఎనర్జీ అడగడానికి? కరావోకేలో శ్రుతి తగ్గించుకోవడానికి బటనన్నా ఉంటుంది. ఈయనకు అదీ ఇవ్వలేదు.

ముగింపు సభలో సారు మళ్లీ మైకు అందుకున్నారు. ఈసారి పిడే పట్టుకున్నారు, దూరం సరిపోయింది, గొంతూ బాగానే పలికింది. రెండో వాక్యంలో మైకు చచ్చిపోయింది. అందులో వేసింది గోడగడియారంలోంచి తీసిన పాత పెన్సిల్ సెల్లులట; కొత్తవి కొనమని ఇండెంట్ పెట్టారు, సంతకం ఇంకా కాలేదు.