సవరణ: మేస్త్రీ పనికి రెరా వర్తించదు

మేడమీద కొత్తగా వేయించిన గది స్లాబు కారుతోందని, పాత గోడకీ కొత్త గోడకీ మధ్య రూపాయి బిళ్ల దూరేంత పగులు వచ్చిందని మొన్న రాశాను. రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ) చట్టం ప్రకారం ఐదేళ్లలోపు కాంట్రాక్టరే ఉచితంగా బాగుచేయాలని కూడా అన్నాను. అది తప్పు. ఆ నిబంధన ఫ్లాట్లు కట్టి అమ్మే ప్రమోటర్లకు. మన ఇంటి పనికి మనం మాట్లాడుకున్న మేస్త్రీకి కాదు. నా మాట నమ్మి ఎవరైనా రెరా ఆఫీసు చుట్టూ తిరిగి ఉంటే క్షమించండి.

మనకున్న దారి 2019 వినియోగదారుల రక్షణ చట్టం. సేవాలోపం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. గడువు మాత్రం 2 ఏళ్లే. పగులు పక్కన స్కేలు పెట్టి ఇప్పుడే ఫొటోలు తీయండి, లప్పం పూశాక ఏమీ కనిపించదు.