పిల్లల పేరిట వచ్చే సొమ్ము ఇంటికి చేరాలి

మత విశ్వాసం పునాదిగా నడిచే బాలల సేవాసంస్థల ప్రస్తావన వస్తే చాలు, మన దగ్గర చర్చ మతమార్పిడుల వైపో విదేశీ నిధుల వైపో మళ్లిపోతుంది. అవి చర్చించదగ్గవే. అయితే ఆ వాదోపవాదాల నడుమ ముందుగా అడగవలసిన ప్రశ్న మరుగున పడుతోంది. ఒక బిడ్డ పేరు చెప్పి సేకరించిన సొమ్ము ఆ బిడ్డను కన్నవారి దగ్గర ఉండనిస్తోందా, లేక వారికి దూరం చేస్తోందా?

కంపాషన్ ఇంటర్నేషనల్ ఉదంతం ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగ్గది. కొరియా యుద్ధంలో దిక్కులేనివారైన పిల్లల కోసం ఎవరెట్ స్వాన్సన్ అనే అమెరికన్ సువార్తికుడు 1952లో ప్రారంభించిన ఈ క్రైస్తవ సంస్థ, మన దేశంలో దాదాపు అర్ధశతాబ్దం పాటు పనిచేసింది. విదేశాల్లోని దాత ఒక బిడ్డను ఎంచుకుని నెలకు 38 డాలర్లు పంపేవారు. ఆ మొత్తం చెన్నై, కోల్‌కతాలలోని అనుబంధ సంస్థల మీదుగా ఊళ్లలోని చర్చీలకు, చిన్న సంస్థలకు చేరేది. పిల్లలు అమ్మానాన్నల దగ్గరే ఉండి బడికి వెళ్లేవారు. ఆ చర్చీలు, సంస్థలు నడిపే కేంద్రానికి వచ్చినప్పుడు భోజనం, ట్యూషన్, వైద్యపరీక్షలు అందేవి. దాతకూ బిడ్డకూ మధ్య ఉత్తరాలు నడిచేవి. ఆ కేంద్రాల్లో బైబిలు బోధన కూడా ఉండేదన్నది దాచవలసిన విషయం కాదు, సంస్థ కూడా దాచలేదు. మతమార్పిడుల ఆరోపణలతో కేంద్ర హోంశాఖ 2016లో ఆ సంస్థను ముందస్తు అనుమతి జాబితాలో చేర్చింది. అంటే అది పంపే సొమ్ముకు ముందుగా ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఆరోపణను సంస్థ తోసిపుచ్చింది. నిధుల దారి మూసుకుపోవడంతో 2017 మార్చిలో అది మన దేశంలో కార్యకలాపాలు ఆపేసింది. అప్పటికి దాని సాయం పొందుతున్న పిల్లలు దాదాపు 1,45,000 మంది.

విదేశీ నిధుల లెక్క అడిగే అధికారం ప్రభుత్వానికి ఉంది, ఉండాలి కూడా. మా అభ్యంతరం వేరే చోట ఉంది. ఒక సంస్థ రిజిస్ట్రేషన్ రద్దయితే దాని విదేశీ నిధులు, వాటితో సమకూరిన ఆస్తులు ఎవరి అధీనంలోకి వెళ్లాలో విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వివరంగా చెబుతుంది. ఆ నిధులతో చదువుకుంటున్న పిల్లల బాధ్యత ఎవరిదో మాత్రం చెప్పదు. 2020 సవరణ ఈ లోటును పూడ్చకపోగా, విదేశీ విరాళం పొందిన సంస్థ దానిని మరో సంస్థకు బదిలీ చేయరాదని నిషేధించింది. ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే ఖాతా తెరవాలన్న షరతుకు ఏదో ఒక విధంగా సర్దుకోవచ్చు. కానీ పెద్ద సంస్థల ద్వారా నిధులు అందుకుంటూ పది పదిహేను ఊళ్లలో ఇళ్ల చుట్టూ తిరిగి పనిచేసే చిన్న సంస్థకు బదిలీ నిషేధం ఊపిరాడనివ్వదు.

అలాగని సంస్థల పక్షాన లోపం లేదని మేము అనడం లేదు. మన పట్టణాల శివార్లలో ఏ బాలల ఆశ్రమం గేటు దగ్గర నిలబడినా కనిపించే ఫ్లెక్సీని గమనించండి. ఉదయం టిఫిన్‌కు ఇంత, మధ్యాహ్న భోజనానికి ఇంత, పుట్టినరోజు, పెళ్లిరోజు, వర్ధంతి సందర్భాలకు ప్రత్యేక ధర. దాత కుటుంబం కేకుతో వస్తుంది. పిల్లలు వరుసగా కూర్చుని ప్రార్థన చేసి, ఫొటో దిగి, అప్పుడు విస్తరి ముందుకు వస్తారు. ఈ తంతుకు మతభేదం లేదు. విరాళం పిల్లల తలల లెక్కన వస్తున్నప్పుడు తలలు తగ్గకూడదన్న ఒత్తిడి నిర్వాహకుల మీద తప్పకుండా ఉంటుంది. ఆశ్రమాల్లోని పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని ఈ రంగంలో పనిచేసేవారందరికీ తెలుసు. భర్త పోయి, కూలికి వెళ్తే బిడ్డను చూసేవారు లేని తల్లికి నెలకు కొద్దిపాటి ఆసరా దొరికితే ఆ బిడ్డ ఇంట్లోనే ఉంటుంది. ఆమెకు ఇవ్వడానికి చేతులు రాని సమాజం, అదే బిడ్డను ఆశ్రమంలో చేర్చాక అన్నదానం చేయడానికి పోటీ పడుతుండటం మమ్మల్ని కలచివేస్తోంది.

ఆశ్రమంలో చేర్చడం చిట్టచివరి మార్గం కావాలని 2015 నాటి బాల న్యాయ చట్టం స్పష్టంగా చెప్పింది. సంరక్షణాలయాలన్నీ నమోదు కావాలనీ, పిల్లలను బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలనీ నిర్దేశించింది. నమోదు లేకుండా నడిపేవారికి ఏడాది వరకు జైలుశిక్ష గానీ, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఇంటి దగ్గరే ఉంచి ఆదుకునే ఏర్పాటు కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ బాలల పరిరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య కింద అర్హులైన బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. గ్రామాల్లో ఏటా 72,000, పట్టణాల్లో 96,000 రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాలకు, ముఖ్యంగా వితంతువుల, భర్త వదిలేసిన స్త్రీల పిల్లలకు ఇది ఉద్దేశించింది. కానీ ఆదాయ ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా సమకూర్చుకుని జిల్లా బాలల పరిరక్షణ విభాగం దాకా వెళ్లడం రోజు కూలి పోగొట్టుకోలేని తల్లికి చిన్న పని కాదు.

మత సంస్థలు అక్కరకు రావలసిన చోటు ఇదే. వీధిలో ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో పాస్టరుకు, ఇమాముకు, ఆలయ కమిటీ పెద్దకు తెలిసినంతగా ఏ అధికారికీ తెలియదు. ఆ తల్లి వెంట ఒక మనిషి నడిచి దరఖాస్తు పూర్తి చేయించడం, పథకం సొమ్ము చేతికందే దాకా నాలుగు నెలలు ఇంటి అద్దె, బియ్యం భరించడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. క్రైస్తవులిచ్చే దశమభాగం, ముస్లింలిచ్చే జకాత్, ఆలయ హుండీ కానుకల్లో ఒక వంతు ఇందుకు కేటాయిస్తే, ఒక్క సంతకంతో ఆగిపోయే విదేశీ నిధుల మీద ఆధారపడే అవస్థ కొంతైనా తగ్గుతుంది. రసీదు అడిగి, ఆదాయపు పన్ను రాయితీకి సంబంధించిన నమోదు చూసి ఇచ్చే దాత, ఈ ఏడాది ఎంతమంది పిల్లలను తిరిగి ఇంటికి చేర్చారని కూడా అడగాలి. సంస్థలు ఆ సంఖ్యను తమ వార్షిక లెక్కలతో పాటు ప్రకటించాలి.

ప్రభుత్వం చేయవలసిన పని ఒకటుంది. పిల్లలకు సేవ చేసే ఏ సంస్థ విదేశీ నిధుల అనుమతిని నిలిపివేయదలచినా, ఉత్తర్వు అమలులోకి రాకముందే ఆ పిల్లల జాబితా జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి అందాలి. అర్హులందరికీ వాత్సల్య సాయం మొదలయ్యే వరకు, సంస్థ దగ్గరున్న సొమ్మును అధికారుల పర్యవేక్షణలో పిల్లల తిండికీ చదువుకూ మాత్రమే ఖర్చు పెట్టనివ్వాలి. ఈ మేరకు చట్టాన్ని సవరించాలని కేంద్రాన్ని కోరుతున్నాం.