‘మాకు సంబంధం లేదు’ అనే పత్రికా ప్రకటన గారికి

మహారాజశ్రీ పత్రికా ప్రకటన గారి దివ్య సముఖమునకు,

తిరుపతి నుంచి ఒక ఇన్వర్టర్ల షాపువాడు రాసుకున్న విన్నపం. నిన్న ఎయిర్ బైపాస్ రోడ్డులోని మీ వాళ్ల ఆఫీసులో, భోజనాల వేళ నుంచి దీపాలు పెట్టే వేళ దాకా నన్ను సోఫాలో కూర్చోబెట్టి, చివరికి తమరిని నా చేతిలో పెట్టి పంపారు. ఇంధనం అక్కర్లేని జనరేటర్ అమ్ముకుందామని నేను కట్టిన డీలర్‌షిప్ డిపాజిట్ సంగతేమిటని అడిగితే, ‘అన్నీ అందులోనే ఉన్నాయి సార్’ అన్నాడు కౌంటర్లో కుర్రాడు. చదివాను. నా డిపాజిట్ తప్ప అన్నీ ఉన్నాయి.

ఆ జనరేటర్ కనిపెట్టానన్న సదరు ఆవిష్కర్తతో సంస్థ అనుబంధం ‘ప్రాథమిక చర్చలకే పరిమితం’ అట. సంతోషం. ఆ రోజు హోటల్లో, ఆ జనరేటర్ పక్కన ఆయనకు శాలువా కప్పి, శ్రీవారి పటం చేతికిచ్చి, మైకులో అరగంట పొగిడింది కూడా ప్రాథమిక చర్చే కాబోలు. ఇంధనం అక్కర్లేనిదానికి గోడ ప్లగ్గులోకి వైరెందుకని ఎవరో అడిగితే ‘స్టార్టింగ్‌కి మాత్రమే’ అన్నారు. మేం భోంచేసి తాంబూలాలు తీసుకునేదాకా ఆ స్టార్టింగే నడిచింది.

అదీ పోనీ సామీ. నాకు మింగుడుపడనిది ఫోటో. మీ ఆఫీసు గోడమీది గ్రూప్ ఫోటోలో నిన్న చూస్తే ఆవిష్కర్త లేడు. ఎండీ గారి భుజం మీద మాత్రం నాలుగు వేళ్లు మిగిలాయి. ఒకదానికి నవరత్నాల ఉంగరం కూడా ఉంది. ఆ వేళ్లు ఎవరివో తమరి రెండో పేరాలో ఎక్కడా చెప్పలేదు. ఆయనకు అటుపక్కన నిలబడింది నేను. ఆయన్ని కోసేటప్పుడు నన్నూ కలిపి కోసేశారు! ఆయనకూ మీకూ సంబంధం లేదు, సరే. చెక్కు రాసిచ్చిన నాకూ లేదా?

మీ వంశం గొప్పదని తెలుసు. 1989 మార్చి 23న కోల్డ్ ఫ్యూజన్ (మామూలు గది వేడిలోనే అణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించడం) సాధించామని యూటా యూనివర్సిటీ ముందు ప్రెస్‌మీట్ పెట్టింది, పరిశోధనా పత్రం తర్వాత వచ్చింది. 2011లో ఇటలీలోని బొలోన్యాలో ఆండ్రియా రోసీ నికెల్, హైడ్రోజన్‌తో నడిచి బోలెడు వేడి పుట్టిస్తుందంటూ ఈ-క్యాట్ అనే యంత్రం చూపించాడు. చెత్త నుంచి చమురు తీస్తానన్న పెట్రోల్‌డ్రాగన్ వ్యవహారంలో అప్పటికే ఆయనకు బోలెడు పేరు. అయినా 2014 జనవరిలో అమెరికాలోని ఇండస్ట్రియల్ హీట్ అనే కంపెనీ ఈ-క్యాట్ టెక్నాలజీ హక్కులు కొన్నామని ఘనంగా ప్రకటించింది. కోటి డాలర్లకు పైనే చెల్లించింది. ఇంకా 8.9 కోట్ల డాలర్లు రావాలని 2016లో రోసీ కేసు వేస్తే, మూడేళ్లకు పైగా ప్రయత్నించినా ఆయన చెప్పిన ఫలితాలు రుజువు కాలేదని మరో ప్రకటన వదిలింది. 2017 జూలైలో, విచారణ మొదలయ్యాక, రాజీ.

ఆ కంపెనీ వాళ్లను కాస్త మెచ్చుకోవాలనిపిస్తోంది. పరీక్షించాం, రాలేదు అన్నారు. పోయింది వాళ్లూ, వాళ్లను నమ్మిన పెట్టుబడిదారులూ పెట్టిన డబ్బు. మీ వాళ్లు పరీక్షించిందీ లేదు, పెట్టిందీ లేదు. డబ్బు పోసింది మేం, డీలర్లం.

రామర్ పిళ్లై సంగతి పక్కనున్న తమిళనాడుదే. మూలికలతో నీళ్లను పెట్రోలు చేస్తానని 1996లో ఊపేసిన మనిషికి 2016లో చెన్నై కోర్టు మూడేళ్ల శిక్ష వేసింది. శాలువా కొనేముందు ఫోన్‌లో ఒక్కసారి వెతికినా ఇలాంటివాటి గురించి తెలిసేది. శాలువా కూడా మా డిపాజిట్ లోంచే కొన్నారేమో!

గుండు కావాలంటే మాకు కొండమీద కళ్యాణకట్ట ఉంది. ఉచితంగానే చేస్తారు. డబ్బు కట్టించుకుని మరీ చేసే సేవ మీకెందుకు?

ఇక మర్యాదలు చాలు. తమరితో నాకు పని లేదు, తమరి మీద సంతకం కూడా లేదు, ‘యాజమాన్యం’ అని మాత్రమే ఉంది. ఆ యాజమాన్యంలో సంతకం పెట్టగల మనిషి ఒకడుంటే నా చెక్కు పంపమనండి. పంపేటప్పుడు ‘సద్భావన చర్యగా’ అని రాయకండి. ఒళ్లు మండుతుంది.

ఇట్లు,
మీ ఫోటోలో లేనివాడు